సివిలైజేషన్ 6: నగరానికి చోటు వెతకడంలోనే అసలు ఆట

ఫిరాక్సిస్ సంస్థ రూపొందించగా 2016 అక్టోబరులో విడుదలైన సివిలైజేషన్ 6 ఒక దేశాన్ని ఎంచుకుని దాని సామ్రాజ్యాన్ని నిర్మించే కంప్యూటర్ వ్యూహ క్రీడ; ఇందులో యుద్ధం కన్నా, దౌత్యం కన్నా ఎక్కువ ఆలోచనను కోరేది నగరానికి చోటు ఎంచుకోవడం. అంతకు ముందరి భాగాలలో భవనాలన్నీ నగరం ఉన్న ఒక్క గడిలోనే ఇమిడిపోయేవి. ఇందులో చదువుకు క్యాంపస్, వాణిజ్యానికి కమర్షియల్ హబ్, పరిశ్రమలకు ఇండస్ట్రియల్ జోన్ ఇలా ఒక్కొక్క డిస్ట్రిక్ట్ పటం మీద ఒక్కొక్క గడిని ఆక్రమిస్తుంది. కట్టిన డిస్ట్రిక్ట్‌ను తరువాత తొలగించే వీలు లేదు కాబట్టి, కొత్త నగరాన్ని స్థాపించే సెట్లర్‌ను కదిపేటప్పుడే ఆ నగరం ముందు ముందు ఏ పనికి ఉపయోగపడాలో తేల్చుకోవలసి వస్తుంది.

మొదట చూడవలసింది నీరు. నది, సరస్సు, ఒయాసిస్సు పక్కన వెలసిన నగరానికి ఆరంభంలోనే 5 హౌసింగ్, అంటే జనాభాకు నివాస వసతి, లభిస్తుంది; సముద్రతీరంలో 3, నీటి వసతి లేని చోట 2 మాత్రమే. జనాభా ఆ పరిమితికి దగ్గరపడిన కొద్దీ పెరుగుదల మందగిస్తుంది. భారతదేశాన్ని ఎంచుకున్నవారికి దిగుడుబావి కొంత ఆహారాన్నీ హౌసింగ్‌నూ సమకూరుస్తుంది కనుక వారు పొడినేల విషయంలో కాస్త ధైర్యం చేయవచ్చు.

నగరాలకు ప్రత్యేకత కల్పించడంలోనే ఈ ఆట రుచి తెలుస్తుంది. జనాభా 1 ఉన్నప్పుడు ఒక డిస్ట్రిక్ట్, 4కు రెండవది, 7కు మూడవది అన్న పరిమితి ఉన్నందువల్ల ప్రతి నగరానికీ అన్నీ కట్టడం కుదరదు. పక్కనున్న ఒక్కో పర్వతానికి క్యాంపస్‌కు 1 చొప్పున సైన్స్ పెరుగుతుంది కాబట్టి, కొండల వరుస వంపు తిరిగిన చోటు చదువుల నగరానికి తగినది. నది ఒడ్డున కమర్షియల్ హబ్‌కు 2 బంగారం అదనం. మూల ఆటకు అదనంగా కొనుక్కునే గ్యాదరింగ్ స్టార్మ్ విస్తరణలో ఇండస్ట్రియల్ జోన్‌కు పక్కనున్న అక్విడక్ట్ (నగరానికి నీరు తెచ్చే కాలువ), ఆనకట్ట ఒక్కొక్కటి 2 ఉత్పత్తిని చేరుస్తాయి. రెండు నగరాల అక్విడక్ట్‌లు ఒకే ఇండస్ట్రియల్ జోన్‌ను తాకేలా ముందుగానే పటం మీద పిన్నులు గుచ్చి పెట్టుకుని, ఎన్నో టర్నుల (ఆటలోని వంతుల) తరువాత ఆ అమరిక పూర్తయినప్పుడు కలిగే తృప్తిని ఈ ఆటలోని మరే విజయమూ ఇవ్వదు. ఇండస్ట్రియల్ జోన్‌లో కట్టే ఫ్యాక్టరీ లాభం 6 గళ్ల లోపలి నగరాలన్నిటికీ అందుతుంది, అయితే రెండు ఫ్యాక్టరీల లాభం ఒకే నగరంలో కలిసి రాదు. అందుచేత నడిమధ్యనున్న నగరాన్ని పరిశ్రమలకు కేటాయించడం మేలు.

కొత్తవారికి సులువుగా తెలియని కిటుకు ఒకటి ఉంది. సాంకేతికత ముందుకు సాగే కొద్దీ డిస్ట్రిక్ట్‌ల వెల పెరుగుతుంది, కాని గడిలో పునాది వేసిన క్షణంలోనే ఆ వెల స్థిరపడిపోతుంది. అందువల్ల అవకాశం రాగానే పునాది వేసి, వెంటనే వేరే నిర్మాణానికి మారి, తీరిక చూసుకుని దానిని పూర్తి చేయవచ్చు.

ఇంత చక్కని ఏర్పాటును ఆట తానే కొంత నీరుగార్చుకుంది. నగరాల సంఖ్య పెరిగినందుకు వేసే శిక్ష స్వల్పం కావడంతో, నాలుగు మహానగరాలను శ్రద్ధగా తీర్చిదిద్దినవారి కన్నా, నిబంధన అనుమతించే కనీస దూరంలో పన్నెండు చిన్న ఊళ్లను కిక్కిరిసి కట్టి, ప్రతిదానిలోనూ క్యాంపస్‌నూ కమర్షియల్ హబ్‌నూ నిలిపినవారే తరచుగా ముందుంటారు. కంప్యూటర్ నడిపే ప్రత్యర్థులు డిస్ట్రిక్ట్‌లను ఎక్కడపడితే అక్కడ పెడతారు, కాబట్టి వారి నగరాన్ని గెలుచుకుంటే ఆ గజిబిజిని కూడా భరించాలి. చివరి వంద టర్నులలో నగరానికొక ఆజ్ఞ ఇస్తూ పోవడం గుమాస్తా పనిలా తోస్తుంది.

తెలుగు భాషా సౌకర్యం లేదు, ఆంగ్లంలోనే చదువుకోవాలి. మూల ఆటతో పాటు ఒకే విస్తరణ కొనదలచినవారు గ్యాదరింగ్ స్టార్మ్‌నే తీసుకోవాలి. పొరుగు సామ్రాజ్యపు గుమ్మంలో నగరం కట్టేవారిని అదుపుచేసే లాయల్టీ (నగరపు విధేయత) నియమం అంతకు ముందరి విస్తరణ రైజ్ అండ్ ఫాల్‌తో వచ్చినదే అయినా, గ్యాదరింగ్ స్టార్మ్‌లోనూ చేరి ఉంది.