టూరింగ్ సైకిల్‌కి 8 స్పీడ్ సెట్టే నయం

వెనక 8 స్పీడ్ క్యాసెట్ (ఎనిమిది పళ్లచక్రాల గుత్తి), ముందు మూడు పళ్లచక్రాలు, స్క్వేర్ టేపర్ బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల మధ్య ఇరుసు, చివర్లు నలుచదరంగా ఉండే రకం). ఇదీ నా టూరింగ్ సైకిల్ సెట్టు. ఏళ్ల తరబడి భీమిలి రోడ్డులో, అనంతగిరి ఘాట్‌లో సామాను వేసుకుని తొక్కాను. ఇంకా ఎక్కువ గేర్ల సెట్లున్నా, మళ్లీ కొంటే ఇదే కొంటాను.

విశాఖలో చైన్‌కి అసలు శత్రువు ఉప్పుగాలి. బీచ్ రోడ్డులో తిరిగొచ్చి తుడవకుండా వదిలేస్తే, వానాకాలంలో తెల్లారేసరికి లింకుల పక్కన ఎర్రటి పొడి తేలుతుంది. అందుకే ఎంత ఖరీదైన చైనైనా ఎప్పటికప్పుడు మార్చాల్సిందేనని లెక్కేసుకున్నాను. కొలవడానికి ఇనప స్కేలు చాలు. కొత్త చైన్‌లో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు ఉంటాయి. అంగుళంలో పదహారో వంతు సాగితే మార్చేయాలి. ఎనిమిదో వంతు దాకా ఆగితే క్యాసెట్ పళ్లు కూడా అరిగిపోయి, కొత్త చైన్ వేసినా జారుతుంది.

6, 7, 8 స్పీడ్‌లకి ఒకటే చైన్ పడుతుంది. పిల్లల గేర్ సైకిళ్లు అమ్మే షాపుంటే చాలు, చిన్న ఊళ్లో కూడా దొరికే అవకాశం ఉంది. గేర్లు లేని సైకిల్ చైన్ మాత్రం పనికిరాదు, దాని వెడల్పు వేరు.

ఒకసారి ఘాట్ దిగుతుంటే కంకర మీద చక్రం జారి వెనక డిరైలర్ (చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే భాగం) నలిగిపోయింది. ఎస్.కోటలో ఒక చిన్న షాపులో 7 స్పీడ్ షిమానో టూర్నీ డిరైలర్ దొరికింది. "ఇది పిల్లల సైకిళ్లదండి, మీ దానికి పడతాదేటి?" అన్నాడాయన. కానీ కేబుల్ లాగినప్పుడు షిమానో 7, 8 స్పీడ్ డిరైలర్లు జరిగే కొలత ఒకటే. కేబుల్ బిగించి, స్క్రూలు సర్దేసరికి ఎనిమిది గేర్లూ పడ్డాయి! వంగిన హ్యాంగర్‌ని (ఫ్రేముకి డిరైలర్ వేలాడే కొక్కెం), స్టీలు ఫ్రేమ్ కాబట్టి, నిదానంగా వంచి సరిచేశాం. అల్యూమినియం ఫ్రేమ్ అయితే స్పేర్ హ్యాంగర్ బ్యాగులో ఉండి తీరాలి. అది ఫ్రేముకో రకం, దారిలో దొరకదు.

క్యాసెట్ బదులు ఫ్రీవీల్ (హబ్ మీద మర తిప్పి బిగించే పాత రకం గేర్ల గుత్తి) ఇంకా సులువుగా దొరుకుతుంది కదా అంటారు. నిజమే, కానీ ఆ హబ్‌లో (చక్రం మధ్య భాగంలో) కుడివైపు బేరింగ్ యాక్సిల్ (ఇరుసు) చివరికి దూరంగా, లోపలికి ఉంటుంది. బరువు మోస్తూ గుంతల్లో పడితే యాక్సిల్ వంగుతుంది. ఇక్కడ మాత్రం నా ఓటు క్యాసెట్‌కే.

ముందు పళ్లచక్రాలు బోల్టులతో విడిగా ఊడొచ్చేవే తీసుకోండి. రివెట్లు కొట్టినవైతే మధ్య చక్రం ఒక్కటి అరిగినా మొత్తం క్రాంకే (పెడల్ కాడతో సహా) మార్చాలి.