ఫోనుతో కొలతలు: గ్రానైట్ పనిలో ఎంతవరకు నమ్మొచ్చు?

ఒంగోలులో కిచెన్ ప్లాట్‌ఫాంలకు, మెట్లకు గ్రానైట్ వేసే పని మాది. టేపు లేకుండా ఫోను కెమెరాతో కొలిచే యాప్‌ను పనిలో వాడుతున్నాను. ఒక్క ముక్కలో చెప్పాలంటే అంచనా వేయడానికి బ్రహ్మాండం, కోతకు మాత్రం వద్దు.

వాడటం తేలికే. కెమెరాను గదిలో కాసేపు నెమ్మదిగా తిప్పితే తెర మీద చుక్క వస్తుంది. ఒక చివర నొక్కి, రెండో చివరికి నడిచి మళ్లీ నొక్కితే మధ్యలో గీత, దాని మీద కొలత. మంగమూరు డొంక వైపు ఒక ఇంట్లో ప్లాట్‌ఫాం పొడవు టేపుతో 10 అడుగుల 4 అంగుళాలు వస్తే యాప్ 10 అడుగుల 5 చూపించింది. చదరపు అడుగుల లెక్కన రేటు చెప్పడానికి ఇది చాలు. కానీ రెండు గోడల మధ్య దించాల్సిన పలకను అంగుళం ఎక్కువ కోస్తే అది లోపలికి దిగనే దిగదు.

అసలు చిక్కు మన చీమకుర్తి గెలాక్సీ, అంటే బంగారు చుక్కలుండే నల్ల గ్రానైట్ దగ్గర వస్తుంది. యార్డులో పాలిష్ పట్టిన నల్ల పలక మీద చుక్క పెట్టి నాలుగడుగులు వేసేసరికి గీత పలకను వదిలి గాల్లోకి జారిపోతుంది. కారణం ఉంది. కెమెరాకు కనిపించే మూలలు, మరకలు, గీతలను యాప్ గుర్తుపెట్టుకుంటుంది. మనం కదిలేకొద్దీ అవి ఎంత జరిగాయో చూసి, ఫోనులోని సెన్సర్లు చెప్పే కదలికతో కలిపి దూరం లెక్కేస్తుంది. మెరిసే రాయిలో దానికి కనిపించేది పైన రేకులు, ట్యూబ్‌లైటు, మన మొహం. మనం కదిలితే అవీ కదులుతాయి. పలక మీద రెండు పేపర్లు పరవండి, అక్షరాలు దొరికి గీత నిలబడుతుంది. మరక లేని తెల్ల గోడ దగ్గరా ఇదే ఇబ్బంది, ఇదే మందు.

కెమెరాలో కనిపించే దాని మీదే ఇలా గీతలు, బొమ్మలు కలిపి చూపించడాన్ని ఆగ్మెంటెడ్ రియాలిటీ (ఏఆర్) అంటారు. 1999లో జపాన్ శాస్త్రవేత్త హిరోకాజు కాటో దీనికోసం తయారుచేసిన ఏఆర్‌టూల్‌కిట్ అనే సాఫ్ట్‌వేర్‌లోనూ కెమెరా గుర్తుపట్టడానికి నల్ల చదరం అచ్చేసిన కాగితమే పెట్టేవారు. అంతకు చాలా ముందే, 1968లో, అమెరికాలో ఐవన్ సదర్లాండ్ తలకు పెట్టుకునే తెర చేశారు. తల ఎటు తిరిగిందో పసిగట్టే యంత్రం పైకప్పు నుంచి వేలాడేది. నాకు బాగా నచ్చింది మాత్రం బోయింగ్ కంపెనీ సంగతి. విమానాల వైర్లను పెద్ద పెద్ద బోర్డుల మీద, గీసిన గీతల వెంట పరిచి కట్టలు కట్టేవారు. ఆ గీతలు కళ్లద్దాల్లోంచే పనివాడికి కనిపించేలా చేద్దామని 1990ల మొదట్లో టామ్ కాడెల్, డేవిడ్ మిజెల్ ప్రతిపాదించారు. ఆగ్మెంటెడ్ రియాలిటీ అనే పేరు అక్కడి నుంచే వచ్చింది. 2016లో పోకెమాన్ గో వచ్చాక అందరూ దీన్ని ఆట అనుకున్నారు గానీ, ఆ పేరు పుట్టింది మనలాంటి చేతిపని వాళ్ల పక్కనే. 2017లో యాపిల్ ఏఆర్‌కిట్, 2018లో గూగుల్ ఏఆర్‌కోర్ అనే సాఫ్ట్‌వేర్లు వచ్చాక ఆ నల్ల చదరం కాగితం అవసరం లేకుండానే ఏఆర్ మామూలు ఫోన్లలోకి దిగింది.

రాయి రంగును మన వంటింట్లోనే వేసి చూపించే యాప్‌లూ ఉన్నాయి. స్టీల్ గ్రే అనే బూడిద రంగు రాయి బాగానే తెలుస్తుంది. గెలాక్సీకి మాత్రం అన్యాయం జరుగుతుంది. అందులోని బంగారు చుక్కలు వెలుగు పడే వైపును బట్టి మెరుస్తాయి, యాప్‌లో అవి పసుపు మచ్చల్లా ఉంటాయి. అది చూసి రాయి వద్దనుకోకండి. కర్నూలు రోడ్డు పట్టుకుని చీమకుర్తి వెళ్లి పలకను ఎండలో చూడండి.

ఊళ్లో లేనివాళ్లు ఇంట్లో ఎవరి చేతైనా ప్రతి వైపూ రెండేసి సార్లు కొలిపించి, స్క్రీన్‌షాట్లు పంపమనండి. రెండు కొలతలూ దగ్గరగా ఉంటే ఆ లెక్కన నేను రేటు చెప్పేస్తాను. కోతకు ముందు మాత్రం టేపు పట్టుకుని నేనే వస్తాను, గోడ మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో మూలమట్టంతో చూసుకోవాలి కదా.