బ్రేకులా, డిఫ్ లాకా? దిగబడే దారుల్లో ఏది మేలు?

వానలు మొదలయ్యాయంటే నాకు వచ్చే ప్రశ్నలన్నీ దాదాపు ఒకటే. "మహీంద్రా థార్ ఫోర్ బై ఫోర్ బుక్ చేస్తున్నాను, బ్రేకులతో పనిచేసే బీఎల్‌డీ (బ్రేక్ లాకింగ్ డిఫరెన్షియల్) సరిపోతుందా, లేక రెండు చక్రాలనూ కలిపి బిగించే నిజమైన లాక్ ఉన్న వేరియంట్ కోసం చూడాలా?" అని కొందరు. "మారుతి జిమ్నీకి లాక్ రాదు కదా, బయట వేయించమంటారా?" అని ఇంకొందరు. ఫోర్స్ గూర్ఖా కొన్నవాళ్ళకు ఈ టెన్షన్ లేదు. ముందు ఇరుసుకొకటి, వెనక ఇరుసుకొకటి లాక్ లివర్లు కంపెనీ నుంచే వస్తాయి కాబట్టి, ఎప్పుడు లాగాలి అన్నది ఒక్కటే వాళ్ళ సందేహం.

డిఫరెన్షియల్ అంటే ఇరుసు మధ్యలో ఉండి, మలుపుల్లో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల అమరిక, దీన్నే డిఫ్ అంటారు. మామూలుది రెండు చక్రాలకూ సమానంగా టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది, అదే దాని గుణం, అదే దాని జబ్బు. ఒక చక్రం గాల్లోకి లేస్తే దానికి పట్టే టార్క్ దాదాపు సున్నా, కాబట్టి నేల మీదున్న రెండో దానికీ అంతే అందుతుంది. ముందు ఒకటి, వెనక ఒకటి ఇలా లేచాయంటే 4ఎల్ (నాలుగు చక్రాలకూ బలం పంపే లో గేరు) వేసినా బండి ఉన్నచోటే ఉంటుంది. దీనికి రెండు మందులు. ఊరికే తిరుగుతున్న చక్రాన్ని బ్రేకుతో పట్టి ఆపితే, ఆ బ్రేకును తట్టుకోవడానికి ఎంత టార్క్ పడుతుందో అంతే రెండో వైపుకూ చేరుతుంది. లేదా రెండు చక్రాలనూ కలిపి కట్టేసి, డిఫరెన్షియల్ అన్నదే లేనట్టు చేయాలి.

పల్లెలో ట్రాక్టర్ తోలినవాళ్ళకు ఈ రెండూ కాళ్ళ కిందే ఉంటాయి. కుడి, ఎడమ చక్రాలకు విడివిడిగా బ్రేకు పెడళ్ళు, మడమ దగ్గర డిఫ్ లాక్ పెడల్. దమ్ము చేసేటప్పుడు మడి మూలలో తిరగడానికి ఒక పక్క బ్రేకు తొక్కుతారు. చక్రం దిగబడితే మాత్రం లాక్ తొక్కుతారు. తిరిగే చక్రానికి బ్రేకు వేసినా కొంత పనవుతుందని తెలియక కాదు, ఇంజిన్ బలం బ్రేకుకు తినిపించడం ఎందుకని. నా మొగ్గు ఎటో ఇక్కడే తెలిసిపోయి ఉంటుంది. అయినా లెక్క చూద్దాం.

బండి కదలడానికి పట్టున్న చక్రానికి 1500 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలనుకోండి. లాక్ ఉంటే ఇరుసుకు ఆ 1500 పంపితే చాలు. బ్రేకు పద్ధతిలో గాల్లో చక్రాన్ని కూడా 1500తో పట్టుకోవాలి, అంటే ఇరుసుకు 3000 కావాలి. పైగా పట్టున్న చక్రం ఇంకా కదలకుండా, గాల్లోది తిరుగుతున్నంతసేపూ ఆ ఇరుసుకు వచ్చిన శక్తి మొత్తం ఒక్క బ్రేకులోనే వేడిగా మారుతుంది. మూడు తలుపుల థార్‌కీ, జిమ్నీకీ వెనక ఉన్నవి డ్రమ్ములు, వాటిలో వేడి అంత త్వరగా బయటికి పోదు. బ్రేకులు మరీ కాలిపోతున్నాయని లెక్కకు తేలితే చాలా సిస్టమ్‌లు కాసేపు పని మానేస్తాయి. సరిగ్గా మనకు కావాల్సినప్పుడే మానేస్తాయని వేరే చెప్పక్కర్లేదు. 134 న్యూటన్ మీటర్ల జిమ్నీ పెట్రోల్ ఇంజిన్‌కు ఈ రెట్టింపు భారం పొడవాటి బురద ఎక్కుడులో బాగా తెలుస్తుంది. చిన్న చిన్న గుంతల్లో మాత్రం బండి తేలిక కావడం దాన్ని కాపాడుతుంది.

కానీ నా దృష్టిలో అసలు తేడా వేడి కాదు, బలం కాదు. సాయం అందాలంటే చక్రం మొదట జారాలా, వద్దా అన్నదే.

బ్రేకు సిస్టమ్‌కు కళ్ళు లేవు. చక్రాల దగ్గరున్న ఏబీఎస్ సెన్సార్లు "ఇది మిగతావాటికంటే వేగంగా తిరుగుతోంది" అని చెప్తేనే దానికి సంగతి తెలుస్తుంది. అంటే చక్రం ముందు జారాలి, తర్వాత సాయం రావాలి. రాయి మీదైతే పరవాలేదు, టైరు కాస్త రుద్దుకుంటుంది అంతే. తడిసిన నల్లరేగడిలో అలా కాదు. చక్రం నాలుగు చుట్లు ఊరికే తిరిగేలోపు టైరు గాళ్ళన్నీ బంకమట్టితో మూసుకుపోతాయి, కింద దాని సైజుకు సరిపడా గుంత తయారవుతుంది. సాయం వచ్చేసరికి ఎక్కాల్సిన మెట్టు ఇంకాస్త ఎత్తు పెరిగి ఉంటుంది. లివర్‌తోనో బటన్‌తోనో పనిచేసే లాక్‌ను బురద కనబడగానే వేసుకోవచ్చు. చక్రం జారకముందే రెండూ ఒకటై ఉంటాయి. యాక్సిలరేటర్ మీద పాదం ఆనించి, నడక వేగంతో దాటించవచ్చు.

ఈ లెక్కన లాకులన్నీ ఒక్కటి కావు. 2020లో వచ్చిన థార్‌లో వెనక ఇరుసుకు ఇచ్చిన ఎంఎల్‌డీ (మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్) ఈటన్ కంపెనీ వాళ్ళది, తనంతట తానే పడే రకం. ఈ రకం లాక్ పడాలంటే రెండు చక్రాల మధ్య నిమిషానికి సుమారు 100 చుట్ల తేడా రావాలి. థార్‌కున్న 18 అంగుళాల టైరు చుట్టుకొలత రెండున్నర మీటర్లు. అంటే ఒక చక్రం కదలకుండా ఉంటే రెండోది గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తిరిగినంత తిరగాలి. తర్వాత "టక్" మని పడుతుంది. పడ్డాక బ్రేకు సిస్టమ్ కంటే ఎంతో గట్టి, అందులో అనుమానం లేదు. కానీ "ముందు జారాలి" అన్న విషయంలో అది లాకుల వైపు కంటే బ్రేకుల వైపే నిలబడుతుంది. తర్వాతి ఏళ్ళలో థార్‌లో బీఎల్‌డీ ముందుకొచ్చి, ఎంఎల్‌డీ కొన్ని డీజిల్ వేరియంట్లకే మిగిలినప్పుడు చాలామంది మోసపోయినట్టు మాట్లాడారు. నాకు అంత బాధ అనిపించకపోవడానికి కారణం ఇదే. పైగా ఎంఎల్‌డీ వెనక ఇరుసుకే, బీఎల్‌డీ ముందు చక్రాలనూ చూసుకుంటుంది. 2024లో వచ్చిన ఐదు తలుపుల థార్ రాక్స్ డీజిల్ ఫోర్ బై ఫోర్‌లో వెనక లాక్ బటన్ నొక్కితే పడుతుంది. నన్నడిగితే అది ఎంఎల్‌డీ కంటే ఒక మెట్టు పైన.

బ్రేకులు గెలిచే చోట్లూ ఉన్నాయి. మొదటిది, అడ్డంగా వాలిన దారి. మారేడుమిల్లి వైపు ఏజెన్సీ మట్టి దారుల్లాంటివి తడిసి, ఒక పక్కకు వాలి ఉన్నప్పుడు లాక్ వేస్తే వెనక రెండు చక్రాలూ ఒకేసారి జారతాయి. అప్పుడు బండి తోక లోయ వైపుకు దిగుతుంది. ఓపెన్ డిఫ్ (లాక్ పడని మామూలుది) అయితే ఒకటి తిరిగినా రెండోది పక్కకు జారకుండా నేలను పట్టుకుని ఉంటుంది. ఇలాంటి చోట వెనక లాక్ తీసేసి, పని బ్రేకులకే వదిలేయడం మంచిది. రెండోది, మలుపులు. వెనక లాక్ వేసుంటే బండి తిన్నగా పోతానంటుంది. ముందు లాక్ కూడా వేస్తే స్టీరింగ్ బిగుసుకుంటుంది. మూడోది, విరిగే భయం. బ్రేకు పద్ధతిలో ఒక హాఫ్ షాఫ్ట్‌కు (డిఫ్ నుంచి ఒక్కో చక్రానికి వెళ్ళే కడ్డీకి) ఇరుసు టార్క్‌లో సగానికి మించి పోదు. లాక్ వేస్తే మొత్తం ఒక్కదాని మీదే పడొచ్చు. టైర్లు పెద్దవి వేసి, లాక్ వేసి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, యాక్సిలరేటర్ తొక్కేవాళ్ళే షాఫ్ట్‌లు విరగ్గొట్టుకునేది.

కంపెనీలు బ్రేకుల వైపు ఎందుకు మొగ్గుతాయో అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఏబీఎస్, ఈఎస్‌పీ (బండి అదుపు తప్పకుండా చూసే సిస్టమ్) ఎలాగూ బండిలో ఉన్నాయి, సాఫ్ట్‌వేర్ కలిపితే చాలు. 1997 మెర్సిడెస్ ఎం క్లాస్ ఈ దారే పట్టింది. 1998లో ల్యాండ్ రోవర్ డిస్కవరీ 2 కూడా నాలుగు చక్రాలకూ బ్రేకు ట్రాక్షన్ కంట్రోల్ పెట్టి, ముందు, వెనక ఇరుసుల మధ్య ఉండే సెంటర్ డిఫ్ లాక్ లివర్‌ను ఎత్తేసింది. అదే మెర్సిడెస్ జీ క్లాస్‌లో మాత్రం మూడు లాకుల్ని వదల్లేదు.

మిగతా మార్గాల గురించి రెండు ముక్కలు. క్లచ్‌లుండే ఎల్ఎస్‌డీ (లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్) రోడ్డు మీద బాగుంటుంది, చక్రం పూర్తిగా లేస్తే చాలదు. జారే చక్రానికి అందే టార్క్‌కు కొన్ని రెట్లు రెండోదానికి పంపే టోర్సెన్ అయినా అంతే, సున్నాను ఎన్ని రెట్లు చేసినా సున్నానే. అమెరికా సైన్యం హమ్వీల్లో ఉన్నది టోర్సెనే. చక్రం లేచినప్పుడు బ్రేకునూ యాక్సిలరేటర్‌నూ కలిపి తొక్కమని అక్కడి డ్రైవర్లకు నేర్పిస్తారు, అంటే సాఫ్ట్‌వేర్ చేసే పని పాదంతో చేయించడం. ఇసుకలో ఈ గొడవంతా పక్కన పెట్టి మొదట నాలుగు టైర్ల గాలీ 18 పీఎస్‌ఐ దాకా దించండి. అక్కడ బ్రేకు సిస్టమ్ అడ్డు తగిలి బండి ఊపు చంపేస్తుంటే ఈఎస్‌పీ ఆపేయండి.

ఇక ఎవరికి ఏది? ఏడాదిలో కొన్నిసార్లు వికారాబాద్ అడవి దారుల్లోకో, కొండ మీది ఊళ్ళకో వెళ్ళేవాళ్ళకు బీఎల్‌డీ, మంచి ఏటీ (ఆల్ టెర్రైన్) టైర్లు సరిపోతాయి. డబ్బుంటే మొదట టైర్ల మీద పెట్టండి. పొలం నల్లరేగడిలో ఉండి, వానాకాలంలో రోజూ అటే వెళ్ళేవాళ్ళు మాత్రం చేత్తో వేసుకునే వెనక లాక్ ఉన్న బండే తీసుకోవాలి, గూర్ఖా గానీ రాక్స్ గానీ. టయోటా హైలక్స్ పికప్‌కూ వెనక లాక్ ఉంది, బడ్జెట్ అటు పోతే చూడండి. జిమ్నీకి బయట లాక్ వేయించడం నేను చెప్పను. ఇరుసు విప్పి, గేర్లు మళ్ళీ సెట్ చేయించాలి, వారంటీతో తగువు, ఆ సెట్టింగ్ తెలిసిన మెకానిక్‌లు తక్కువ.

జిమ్నీ ఉన్నవాళ్ళు ఇప్పుడున్న దానితోనే ఇంకా చాలా పని తీయొచ్చు. చక్రం తిరగడం మొదలవగానే భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తారు, చాలామంది చేసేది అదే. వదిలితే సిస్టమ్ బ్రేకు కూడా వదిలేస్తుంది, మళ్ళీ మొదటికి. 4ఎల్‌లో ఉండి, రెండున్నర వేల ఆర్‌పీఎం దగ్గర పాదం కదపకుండా ఉంచండి. చప్పుడుకు కంగారు పడొద్దు, టకటకమని చప్పుడు చేసేది ఏబీఎస్ పంపు. ఒకటి రెండు సెకన్లలో అవతలి చక్రం పట్టుకుంటుంది. పట్టుకోకపోతే ఇంకా తొక్కకండి. వెనక్కి వచ్చి, టైరు గుంత కాకుండా వేరే జాడలో ఎక్కించండి.