పుట్టుమచ్చకి ముక్క పరీక్ష: సూర్యారావుపేటలో ఒక స్కిన్ క్లినిక్ సంగతి

విజయవాడ సూర్యారావుపేటలో స్కిన్ డాక్టర్ల బోర్డులకి కొదవ లేదు. పుట్టుమచ్చ, పులిపిరి ఏదైనా లేజర్‌తో తీసేస్తామనేవాళ్లే ఎక్కువ. ఈ క్లినిక్‌కి మేం మార్కులు వేసింది లేజర్ చూసి కాదు, కోసిన ముక్క పాడవకుండా ల్యాబ్‌కి పంపే ఫార్మలిన్ సీసాలు చూసి. అనుమానం ఉన్న మచ్చని ఇక్కడ కాల్చరు, కోసి ల్యాబ్‌కి పంపుతారు. కాల్చేస్తే పరీక్షకి ఏమీ మిగలదు. అది మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ అయితే పైన నలుపు పోయి, అడుగున పెరుగుతూనే ఉంటుంది. ఇంట్లో సున్నం, చాకలి సోడా కలిపి పెట్టినా జరిగేది అదే.

ముఖం మీది మచ్చ చూపించడానికి వెళ్లినా చెప్పులు విప్పమంటారు. విసుక్కోకండి. మనవాళ్లకి మెలనోమా వచ్చేది ఎక్కువగా అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కిందే. సుమారు 10 రెట్లు పెద్దది చేసి చూపే డెర్మోస్కోప్ పెడితే అరికాలి చర్మం దున్నిన పొలంలా గట్లు, చాళ్లుగా కనిపిస్తుంది. నలుపు చాళ్లలో ఉంటే చాలావరకు మామూలు మచ్చే. గట్ల మీద పరుచుకుంటే ముక్క పరీక్ష (బయాప్సీ) తప్పదు. గోరు మీద ఒకే నల్ల చార 3 మిల్లీమీటర్లు దాటినా, గోరు మొదట్లో చర్మంలోకి పాకినా అంతే. పారాణి, గోరింటాకు, గోళ్ల రంగు ఉంటే ఇవేవీ తెలియవు, అవి పోయాకే వెళ్లండి.

ముఖం మీద మెరిసే చిన్న పూసలా లేచి, చెక్కు కట్టి, రక్తం కారి, మళ్లీ చెక్కు కట్టే పుండు బేసల్ సెల్ అనే చర్మ క్యాన్సర్ కావచ్చు. మన చర్మానికి అది నల్లగా ఉండి పుట్టుమచ్చేననిపిస్తుంది. దానికి మొద్దుబార్చే లిగ్నోకైన్ ఇంజెక్షన్ ఇచ్చి 4 మిల్లీమీటర్ల పంచ్ అనే గుండ్రటి కోత పరికరంతో ముక్క తీస్తారు. సూది మంట తప్ప నొప్పి ఉండదు. మెలనోమా అనుమానమైతే మాత్రం పంచ్ వాడరు, చుట్టూ 2 మిల్లీమీటర్లు కలిపి మచ్చ మొత్తం కోస్తారు. పైపైన గీకితే లోతు తెలియదు, వైద్యమంతా ఆ లోతు మీదే ఆధారపడుతుంది. మెలనోమా అని తేలితే రిపోర్టులో ఆ లోతు చెప్పే 'బ్రెస్లో మందం' అంకె ఉందో లేదో చూడండి. 'నెగెటివ్ అండీ' అని ఫోన్‌లో చెప్పి ఊరుకుంటారు, కాగితం అడిగి తీసుకోండి.

చిన్న బేసల్ సెల్ అయితే చుట్టూ 4 మిల్లీమీటర్ల మంచి చర్మంతో సహా ఇక్కడే తీసేస్తారు, మళ్లీ రావడం అరుదు. కనురెప్ప, ముక్కు కొన దగ్గరైతే వద్దనే చెబుతారు. పొరపొరగా తీస్తూ అప్పటికప్పుడు మైక్రోస్కోప్‌లో చూసే మోస్ సర్జరీ తమ దగ్గర లేదని దాచకపోవడం మాకు నచ్చింది. మెలనోమా మందం 1 మిల్లీమీటరు లోపు ఉంటే చుట్టూ 1 సెంటీమీటరు తీయాలి, 0.8 మిల్లీమీటర్ల నుంచి క్యాన్సర్ పాకిందేమో చూసే గజ్జల్లోనో చంకలోనో లింఫ్ గ్రంథి పరీక్ష సంగతి కూడా ఆలోచించాలి. అది క్యాన్సర్ సర్జన్ పని, చీటీ రాసి పంపుతారు. ఖర్చు భారమైతే గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లో నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది.

లోపాలు లేకపోలేదు. కోసే ముందు స్కేలు పెట్టి ఫొటో తీయరు, మనం అడగాలి. గాయం మానాక మచ్చ సరిగ్గా ఎక్కడుండేదో ఎవరికీ గుర్తుండదు. రెండు మచ్చలు తీస్తే రెండు సీసాలు, వాటి మీద పేరుతో పాటు ఏ చోటిదో రాసి ఉండాలి. ఒకే సీసాలో వేస్తే క్యాన్సర్ ఏ మచ్చదో తేలదు. కుట్లకి అందరికీ 'వారం తర్వాత రండి' అని ఒకటే చీటీ ఇస్తున్నారు. ముఖానికైతే 5 నుంచి 7 రోజులు సరే, వీపుకి 10 నుంచి 14 పడుతుంది. అరికాలికి వారానికే కుట్లు తీస్తే నడిస్తే గాయం విచ్చుకోవచ్చు. రెండు వారాలు దాటాకే తీయమని గట్టిగా చెప్పండి.