కర్రసాము నిలవాలంటే ఏది మేలు: తాలింఖానానా, పోటీ బరినా?

దసరా ఊరేగింపుల్లోనూ పీర్ల పండగలోనూ కర్ర తిప్పేవాళ్లు మనకు ఇంకా కనిపిస్తూనే ఉన్నారు. వాళ్లలో ఎదుటివాడి దెబ్బ కాచుకోవడం, అడుగు మార్చి తిరిగి కొట్టడం పూర్తిగా నేర్చినవాళ్లు మాత్రం తగ్గిపోతున్నారు. ఈ విద్య పిల్లలకు అందాలని తపనపడేవాళ్ల ముందు ఇప్పుడు రెండు దారులున్నాయి. కసరత్తు, సాము నేర్పే పాత వ్యాయామశాలలైన తాలింఖానాలను నిలబెట్టి, అక్కడి గురువైన ఉస్తాదు దగ్గరే నేర్పించడం ఒకటి. పాయింట్లు, పతకాలు ఉన్న క్రీడగా మార్చి బడులకు తీసుకెళ్లడం రెండోది.

తాలింఖానాలో కర్ర వెంటనే చేతికి రాదు. దండీలు, బస్కీలు తీసి, అడుగులు కుదిరాకే ఇస్తారు. కొత్తగా పట్టినవాడు మోచేతితో తిప్పుతాడు. కర్ర మోకాలికి తగులుతుంది, కాసేపటికే భుజం లాగేస్తుంది. ఉస్తాదు వెనక నిలబడి ఒక చేత్తో వాడి మోచేతిని పక్కటెముకలకు అదిమిపట్టి, రెండో చేత్తో మణికట్టు తిప్పిస్తాడు. ఆ పట్టు వదలకుండా పదిసార్లు తిప్పిస్తే, బలం ఎక్కడ పెట్టాలో పిల్లాడి ఒంటికి తెలిసిపోతుంది. వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లకు దొరకనిది ఈ సాయమే. అందుకే వీడియోలను నేను మూడో దారిగా లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఈ దారి ఎంతకాలం నిలుస్తుందో కేరళలో చూడొచ్చు. బ్రిటిషువాళ్ల కాలంలో నిషేధాలతో చితికిపోయిన అక్కడి యుద్ధవిద్య కళరిపయట్టును 20వ శతాబ్దం తొలి సగంలో కొట్టక్కల్ కణారన్ గురుక్కళ్, ఆయన శిష్యుడు సి.వి. నారాయణన్ నాయర్ మళ్లీ నిలబెట్టారు. వడకరలో 1949లో మొదలైన కడత్తనాడన్ కళరి సంఘంలో ఫీజు లేదు, ఇచ్చినంత గురుదక్షిణే. ఏడేళ్ల వయసులో కళరిలో, అంటే ఆ విద్య నేర్పే శాలలో, అడుగుపెట్టిన మీనాక్షి అమ్మ అక్కడే తరాల పిల్లలకు నేర్పి 2017లో పద్మశ్రీ అందుకున్నారు. 42 అడుగుల పొడవు, 21 అడుగుల వెడల్పు ఉండే కళరిలో ముందు ఒంటి కసరత్తు మెయ్‌తారి, తర్వాత కర్రలతో కోల్‌తారి, ఆపైన కత్తి, డాలు పట్టే అంకతారి, చివరికి ఉత్త చేతులతో వెరుంకై. ఏ మెట్టూ దాటేయడానికి వీల్లేదు.

ఇక్కడ మనవాళ్లు తరచూ మరిచిపోయే సంగతి ఒకటుంది. కళరి గురువైన గురుక్కళ్‌కు వైద్యం కూడా చేతిలో ఉంటుంది. నూనెతో చేసే మర్దన ఉళిచ్చిల్, బెణుకులకూ ఎముకలకూ కట్టే కట్లు ఆయన కుటుంబానికి ఆదాయం. మన తాలింఖానాకు రాజులు, జమీందారుల ఆదరణ పోయాక అలాంటి ఆధారం మిగల్లేదు. పగలు వేరే పని చేసుకుని సాయంత్రం నేర్పే ఉస్తాదు ఎన్నాళ్లు నేర్పగలడు? కొడుకు ఆ పని ఎందుకు అందుకుంటాడు? ఆయన పోయిన రోజు ఆయనకు తెలిసిన వరసలూ, అంటే ఒక క్రమంలో చేసే దెబ్బలూ అడుగులూ, పోతాయి. పైగా చాలా తాలింఖానాలు మగపిల్లల చోట్లుగానే ఉండిపోయాయి.

పోటీ దారి గెలిచేది సరిగ్గా ఇక్కడే. బడి మైదానంలో సాయంత్రం అయిదింటికి శిక్షణ అంటే ఆడపిల్లను పంపడానికి తల్లిదండ్రులు జంకరు. తమిళనాడులో అక్కడి కర్రసాము అయిన సిలంబాన్ని ప్రభుత్వోద్యోగాల 3 శాతం స్పోర్ట్స్ కోటాలో చేర్చారు. చదువు పాడవుతుందని భయపడే అమ్మానాన్నలకు అంతకంటే గట్టి భరోసా ఏముంటుంది? 2020 డిసెంబరులో పంజాబు గట్కా, కళరిపయట్టు, మణిపురి థాంగ్‌తా, స్తంభం మీద చేసే మల్లఖంబాలను ఖేలో ఇండియా యువజన క్రీడల్లోకి తీసుకున్నారు. కర్రసాముకూ ఆ గుర్తింపు కావాలని అడగడం న్యాయమే.

అయితే పతకాన్నే నమ్ముకుంటే జాబితా మారినప్పుడల్లా గండమే. 2023 గోవా జాతీయ క్రీడల్లో పతకాలున్న కళరిపయట్టు, 2025 ఉత్తరాఖండ్ క్రీడలకు వచ్చేసరికి ప్రదర్శన క్రీడ అయింది. కరాటే టోక్యో ఒలింపిక్స్‌లో ఉంది, పారిస్‌లో లేదు.

నన్ను ఇంకా ఎక్కువ కలవరపెట్టేది నిబంధనలు విద్యను కత్తిరించే తీరు. జూడోను చూడండి. కానో జిగోరో 1882లో కోడోకన్ స్థాపించారు, 1964లో ఆట ఒలింపిక్స్‌కెక్కింది. 2010 నుంచి కాళ్లు పట్టి పడేసే పట్లను పోటీల్లో కట్టడి చేస్తూ వచ్చి, 2013కల్లా పూర్తిగా నిషేధించారు. ఎదుటివాణ్ని భుజాల మీదికి ఎత్తి పడేసే కతా గురుమా పాత రూపం అలా బరిలోంచి పోయింది. కానీ విద్యలోంచి పోలేదు. కానో ఆ పట్టును నాగే నో కతా అనే వరసలో ముందే చేర్చిపెట్టారు. జపాన్‌లో బ్లాక్‌బెల్ట్ కావాలంటే ఆ వరస చేసి చూపించాలి.

కర్రసాముకు ఇంత ముందుచూపు లేకుండా పోటీలు మొదలైతే, కర్ర తాకితే పాయింటు అన్న లెక్కే శిక్షణను నడిపిస్తుంది. దెబ్బలో బరువు ఉందా, కొట్టాక తాను కాపుగా నిలబడ్డాడా అన్నది ఎవరూ చూడరు. విన్యాసాల విభాగంలో వేగంగా తిప్పినవాడికే మార్కులు. ఊరేగింపులో ఈలల కోసం నిప్పంటించిన కర్ర తిప్పడానికీ దీనికీ అప్పుడు తేడా ఏముంటుంది?

కాబట్టి నా ఓటు తాలింఖానాకే, కాకపోతే దాని తలుపు బడి వైపు తెరుచుకోవాలి. పోటీలు వద్దనను. పిల్లలు వచ్చేది వాటి కోసమే. కానీ పోటీకి దిగే ప్రతి పిల్లా, పిల్లాడూ ముందు వరసలు పూర్తిగా చేసి చూపించాలి, చూసి సరేననేది ఉస్తాదులే కావాలి. అందుకు వాళ్లకు పారితోషికం ఇవ్వాలి. బడిలో నేర్పే పని కూడా వాళ్లకే అప్పజెప్పాలి. పదిరోజుల శిబిరంలో సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లకు కాదు. విజయనగరంలో మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు సర్కస్ కట్టకముందు బడి పిల్లలకు వ్యాయామం నేర్పిన మాస్టారే. ఉస్తాదు బడికి రావడం మన దగ్గర కొత్త మాటేమీ కాదు.

పిల్లల్ని ఎక్కడ చేర్చాలా అని చూస్తున్న తల్లిదండ్రులు పతకాల గోడ చూసి తేల్చుకోవద్దు. ఒక సాయంత్రం వెళ్లి కూర్చోండి. గురువు వెనక నిలబడి పిల్లల మణికట్టు పట్టుకుని దిద్దుతున్నాడా, ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి కాపు నేర్పిస్తున్నాడా చూడండి. దిద్దుతుంటే ఆ చోటు పాత తాలింఖానా అయినా, బడి మైదానమైనా చేర్చేయండి.