జాగ్రత్త: ‘గడ్డకట్టదు’ అన్న స్టిక్కరును నమ్మి వాషర్ లిక్విడ్ కొనకండి

ఆ లిక్విడ్ అమ్మిన దుకాణం నుంచి ఇప్పుడే వచ్చి, కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను. విశాఖలో కారున్న వారిలో చాలామందికి తెలిసిన దుకాణమే కనుక పేరు రాయడం లేదు. డిసెంబరులో పిల్లలతో కారులోనే మనాలీ వెళ్తున్నామని, ముందు అద్దం కడిగే వాషర్ ట్యాంకులో పోయడానికి గడ్డకట్టని లిక్విడ్ కావాలని అడిగితే, యజమానే స్వయంగా లీటరు సీసాలు మూడు తీసి ఇచ్చి, ‘మైనస్ ఇరవై దాకా ఢోకా లేదు, నీళ్లు కలపకుండా పోయండి’ అన్నారు. సీసాల మీది స్టిక్కర్లలోనూ అదే ఉంది. 1,350 రూపాయలిచ్చి తెచ్చుకున్నాను. పాత నీళ్లు పూర్తిగా తోడేసి రెండు సీసాలు నిండుగా పోశాను.

మనాలీ పైన కొండ కింద తవ్విన అటల్ సొరంగం దాటి, అవతల లాహౌల్ లోయ వైపు బయటికి రాగానే మీటరులో మైనస్ 7 డిగ్రీలు కనిపించింది. ముందు వెళ్తున్న జీపు చక్రాల నుంచి మంచు బురద లేచి అద్దం నిండా పడింది. వైపర్ వేయగానే అది పలచగా పరుచుకుని, ఎదురెండలో అద్దమంతా పాలు పోసినట్టు తెల్లబడింది. వాషర్ మీట లాగితే మోటారు గుర్రుమంది గాని చుక్క రాలేదు. ఒక పక్క లోయ, వెనుక సీటులో ఇద్దరు పిల్లలు. కిటికీ దించి తల బయటపెట్టి, గజం గజం చూసుకుంటూ బండిని పక్కకు తీసేదాకా నా భార్య నోట మాట రాలేదు. బానెట్ ఎత్తితే ట్యాంకు మూతి దగ్గరే నీలం గడ్డ వేలికి గట్టిగా తగిలింది. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు ట్యాంకు నిలువునా చీలిపోయింది. ట్యాంకుకు, మోటారుకు కలిపి 4,200 రూపాయలైంది.

ఇంటికొచ్చాక మిగిలిన సీసాను మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో ఒక రాత్రి ఉంచితే తెల్లారేసరికి రాయిలా బిగుసుకుంది. తడికి స్టిక్కరు ఊడి వచ్చింది. దాని కింద తయారీదారు అచ్చువేసిన మాట ఉంది: ‘గడ్డకట్టే చలిలో వాడరాదు.’

ఆ సీసాను బల్ల మీద పెట్టి అడిగితే, యజమాని దానివంక చూడనైనా చూడకుండా, ఇంకొకరికి బిల్లు రాస్తూ, ‘వైజాగులో మంచు పడుతుందా సార్? ఇక్కడ కొన్నది ఇక్కడ వాడుకోవాలి’ అన్నారు. మనాలీ వెళ్తున్నామని చెప్పి కొన్న మనిషితో, ఆ బండిలో పిల్లలుంటారని తెలిసి అన్న మాట ఇది.

తప్పు నాది కూడా. మన ఊరి చలికి నీళ్లే గడ్డకట్టవు, ఇక్కడ ఆ సీసా గుణం బయటపడే వీలే లేదు. బయలుదేరే ముందే ఫ్రీజరులో పెట్టి చూడాలని నాకు తోచి ఉండవలసింది.

కొండల చలిలోకి వెళ్లేవారు, తెల్లవారుజామున సున్నా దగ్గరికి దిగే లంబసింగికి వెళ్లేవారైనా సరే, ఇథనాల్ గాని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గాని, మిథనాల్ గాని ఉన్నట్టు సీసా మీదే అచ్చువేసి ఉన్న లిక్విడ్ కొనండి. మిథనాల్ విషం కనుక పిల్లలకు అందనివ్వకండి. షాంపూ కలిపిన నీళ్లు మామూలు నీళ్లలాగే గడ్డకడతాయి. ఇంజనుకు పోసే కూలెంటు ఇందులో పోస్తే అద్దం మీద జిడ్డు పేరుకుంటుంది. మంచి లిక్విడ్ అయినా, గాలికి ఆల్కహాల్ ఆవిరైపోయి మిగిలిన నీరు చల్లని అద్దం మీద పొరకట్టవచ్చు కనుక, ముందు వేడిగాలితో అద్దాన్ని వెచ్చబరచి ఆ తర్వాతే మీట లాగండి. వేడినీళ్లు మాత్రం పోయకండి, అద్దం పగలవచ్చు.