విజయవాడలో తాళపత్ర సంరక్షణ శిక్షణ: ఒక విద్యార్థి సమీక్ష

విజయవాడలో ఒక సంస్థ నిర్వహించిన తాళపత్రాలు, పాత కాగితపు ప్రతుల సంరక్షణ శిక్షణలో చరిత్ర విద్యార్థిగా ఈ మధ్య పాల్గొన్నాను. రుసుము మాబోటి వారికి అందుబాటులోనే ఉంది, వసతి మామూలు.

శిక్షణలో అన్నిటికంటే విలువైనది మొదటి పాఠమే. ఆకు కొలతలు, పురుగు తిన్న చోట్లు, విరిగిన అంచులు నమోదు చేసి, ఫొటోలు తీసిన తరువాతే మమ్మల్ని కుంచె పట్టనిచ్చారు. ఆ పిదప అక్షరాలు ఘంటంతో గీసినవో, సిరాతో రాసినవో తేల్చుకోమన్నారు. మన ప్రాంతపు తాళపత్రాల్లో సాధారణంగా గీసిన అక్షరాలే ఉంటాయి కనుక, దుమ్ము తీసిన ఆకుపై నూనెలో కలిపిన దీపపు మసిని పల్చగా పూసి, పైన మిగిలినది తుడిచేస్తే, గీతల్లో మసి నిలిచి మాసిపోయిన అక్షరం మళ్లీ కనబడుతుంది. సిరాతో రాసిన ఆకును అలాగే తుడిస్తే ఉన్న రాత కూడా చెరిగిపోవచ్చు. ఈ తేడాను ఆకులు పక్కపక్కన పెట్టి ఓపికగా వివరించిన తీరు నాకెంతో నచ్చింది.

కాగితం పని పాత జమాఖర్చుల పుస్తకాల పుటలపై చేయించారు. సెల్లోటేపు వాడవద్దని చెప్పి ఊరుకోకుండా, దాని జిగురు కాలక్రమంలో పసుపెక్కి కాగితంలోకి ఇంకిన పుటలను చూపించారు. గోధుమ గంజి జిగురుతో పల్చని జపాన్ కాగితాన్ని అతికిస్తే, అవసరమైనప్పుడు కాస్త తడిపి ఊడదీయవచ్చు. ఈనాటి మరమ్మతును రేపు మరొకరు విప్పగలగాలన్న నియమం అలా చేతికే అర్థమైంది.

ఒక లోటును మాత్రం గట్టిగా చెప్పాలి. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిచిపోతే బూజు పట్టే ప్రమాదం పెరుగుతుంది. కృష్ణా తీరంలో వానాకాలమంతా ఎదురయ్యే సమస్య ఇదే. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేస్తే తేమలో వచ్చే హెచ్చుతగ్గులు ప్రతులకు మరింత చేటు. శిక్షణ మొత్తం ఏసీ గదిలో సాగింది గానీ, గుళ్లలోనూ పాత ఇళ్ల భోషాణాల్లోనూ ఉన్న ప్రతులను ఎలా కాపాడాలన్నది ఒక ప్రశ్నకు సమాధానంగా మాత్రమే వచ్చి పోయింది.

ఇంట్లో తాతల నాటి గ్రంథాలు ఉన్నవారు, చరిత్ర, పురావస్తు విద్యార్థులు నిస్సందేహంగా చేరవచ్చు. దీన్నే వృత్తిగా ఎంచుకునేవారికి ఇది చాలదు. లక్నోలో 1976లో ఏర్పడిన జాతీయ సంరక్షణ పరిశోధనశాల ఇచ్చే శిక్షణల వంటి వాటిని చూడాలి. నిర్వాహకులు తదుపరి విడతను వానాకాలంలో పెట్టి, తేమ కొలిచే పరికరాలు మా చేతికిచ్చి ఏదైనా పాత గుడి భండారానికి తీసుకువెళ్లాలని కోరుతున్నాను.